ఇంకో గంట నాననివ్వు

మా నూజివీడులో ఎండలు ముదిరితే వంటింటి మూలకు ఇత్తడి గంగాళం చేరుతుంది. గడ్డిలో మాగిన చిన్న రసాల మామిడిపండ్లు అందులో మునిగి ఉంటాయి. సొన వదలాలి, వేడి దిగాలి. నానని పండు ముట్టనిచ్చేది కాదు అమ్మ. ఆ వేడి చేతికి తగిలేది కాదు, ఒంటికి తెలిసేది.

ఏడో తరగతి సెలవుల్లో నాకు తెలిసింది. మెడ మీద సెగగడ్డ లేచింది. నాన్న బెజవాడలో ఒక హకీంగారి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన గడ్డ జోలికి పోకుండా ముందు నా మణికట్టు పట్టుకున్నారు. కళ్లు మూసుకుని చాలాసేపు నాడి చూశారు. దాహం ఎక్కువా, నిద్ర పడుతోందా, మధ్యాహ్నం తోటలో తిరుగుతున్నావా అని అడిగారు. చివరికి, ‘‘పండు మానక్కర్లేదు బాబూ, తగ్గించు. తిన్నాక పాలు తాగు’’ అన్నారు.

ఆ హకీంగారిది యునానీ, అంటే యవన దేశపు వైద్యం. బుఖ్రాత్, జాలీనూస్ అని హకీములు పిలుచుకునే గ్రీకు వైద్యుల దగ్గర పుట్టి, ఇబ్న్ సీనా ‘ఖానూన్’తో గట్టిపడి మన దాకా వచ్చింది. నెత్తురు, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అనే నాలుగు రసాల పాళ్లను బట్టి మనిషి మిజాజ్, అంటే ఒంటి తత్వం, ఉంటుందంటుంది. హైదరాబాదులో ‘మిజాజ్ ఎలా ఉంది’ అని పలకరించుకునే మాట ఇదే. చార్మినార్ పక్కన నిజామియా ఆస్పత్రిలోనూ, మన కర్నూలు అబ్దుల్ హక్ కళాశాలలోనూ ఈ విద్యే నేర్పుతారు.

నన్ను కట్టిపడేసేవి అందులోని ఆరు అవసరాలు: గాలి, తిండీ నీళ్లూ, ఒంటికి శ్రమా విశ్రాంతీ, మనసుకు శ్రమా విశ్రాంతీ, నిద్రా మెలకువా, ఒంట్లో నిలవాల్సింది నిలవడం పోవాల్సింది పోవడం. మనసుకూ విశ్రాంతి కావాలని వెయ్యేళ్ల కిందటే తిండితో సమానంగా లెక్కలో వేశారు! మంచి హకీం ముందు తిండి సరిచేస్తాడు. మందు ఆ తర్వాతే.

నాకిప్పుడు షుగరుంది. నాలుగు రసాల లెక్కకు అది లొంగదు. మాత్ర మానను, రక్తపరీక్ష తప్పను. అయినా మా డాక్టరుగారు, ‘‘పండు ఏ పూట తిన్నారు? తర్వాత నడిచారా? రాత్రి నిద్ర పట్టిందా?’’ అని ఆరా తీసినప్పుడల్లా నా మణికట్టు మీద ఆ వేళ్లు కదిలినట్టే ఉంటుంది.

నిన్న మనవరాలు గంగాళంలో చెయ్యి పెట్టి, ‘‘చల్లగానే ఉన్నాయిగా తాతయ్యా, తీసుకోనా?’’ అంది.

ఇంకో గంట నాననివ్వమన్నాను.