అబ్బడమూ, సేకరించడమూ

ఆంగ్లంలోని ‘అక్వైర్’ అనే క్రియకు నిఘంటువుల్లో సంపాదించు, ఆర్జించు, పొందు అనే అర్థాలు కనబడతాయి కానీ, వాటిలో ఏ ఒక్కటీ ఆ మాట తిరిగే చోట్లన్నిటికీ సరిపోదు. వెతుకు అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి పుట్టిన ఈ క్రియ, నోటిమాటలోని ‘గెట్’ చేసే పనిని పత్రభాషలో చేస్తూ, ఆస్తికీ విద్యకూ అలవాటుకూ జబ్బుకూ కూడా చెల్లుతుంది. ఎయిడ్స్ పేరులోని మొదటి అక్షరం ‘అక్వైర్డ్’కే గుర్తు, అంటే పుట్టుకతో రాక తర్వాత సోకినదని.

తెలుగు విద్యార్థికి అసలు చిక్కు కర్త దగ్గర ఎదురవుతుంది. తెలుగులో చదువు అబ్బుతుంది, భాష వస్తుంది, జబ్బు సోకుతుంది. వచ్చేదే కర్త కాగా, మనిషి ‘కు’ విభక్తితో దాన్ని అందుకునేవాడుగా నిలుస్తాడు. ఆంగ్లం ఆ మనిషినే కర్తను చేస్తుంది కనుక, ‘వాడికి ఇంగ్లీషు వచ్చింది’ అన్న వాక్యాన్ని ఈ క్రియతో చెప్పడానికి దాని కట్టుబడినే మార్చుకోవాలి. విద్య మనిషి చేజిక్కించుకునే సొత్తు కాదని తెలిపే ‘అబ్బు’ వంటి మాట ఉండటం తెలుగు భాష చేసుకున్న అదృష్టం.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో ఈ క్రియకు మరో ముఖముంది. శ్రీశైలం నుంచి సొరంగాల ద్వారా కృష్ణా జలాలను తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టులో సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల నడుమ కట్టలు వేసి జలాశయం ఏర్పరచగా, ఊళ్లు ముంపులోకి వచ్చాయి. ఇటువంటి పనులకు భూమి తీసుకునే 1894 నాటి చట్టం పేరులోనూ, దాని స్థానంలో 2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన చట్టం పేరులోనూ ఉన్నది ఈ క్రియకు నామరూపమే. దాన్ని తెలుగులో ‘భూసేకరణ’ అన్నారు. సేకరణ జానపద గేయాలకూ తాళపత్రాలకూ వాడే మెత్తని మాట; ప్రభుత్వం తన ప్రాజెక్టుకు భూమి తీసుకునేటప్పుడు మాత్రం పరిహారం చెల్లించాలే గాని, యజమాని సమ్మతి తప్పనిసరి కాదు. చైనా భాషలో జ్ఞానం పొందడానికి ‘హువోదె’, ప్రభుత్వం భూమి తీసుకోవడానికి ‘జెంగ్‌షౌ’ అని వేర్వేరు మాటలుండటం వల్ల, అక్కడి విద్యార్థికి ఆ తేడా తన భాషలోనే తెలుస్తుంది.

రైతు ‘భూమి ముంపులో పోయింది’ అంటాడు, నోటీసు ‘భూమి సేకరించబడినది’ అంటుంది. రెండింటిలోనూ తీసుకున్నవారి పేరు లేదు. ఈ ప్రాంతపు బడుల్లో ‘అక్వైర్’ నేర్పే ఉపాధ్యాయులు చదువు, అలవాటు అనే ఉదాహరణలతో ఆగకుండా, ఎవరు, ఎవరి నుంచి, సమ్మతితోనా కాదా అనే మూడు ప్రశ్నలను కూడా నల్లబల్ల మీద రాయాలి.