నిద్రలో ముక్కు పనిచేయదు

అమెరికాలో తెలుగువాళ్ల ఇళ్లల్లో తాలింపుకీ స్మోక్ అలారానికీ పాత వైరం. నూనె కాగి, ఎండుమిరపకాయ రంగు మారేలోపే హాల్లో సీలింగు మీద అలారం గోలపెడుతుంది. ఒకరు కిటికీలు తీస్తారు, ఒకరు తువ్వాలు విసురుతారు, మరొకరు కుర్చీ ఎక్కి దాన్ని ఊడదీసి బ్యాటరీ లాగేస్తారు. గోల ఆగుతుంది, భోజనాలవుతాయి. బ్యాటరీ మాత్రం వంటింటి సొరుగులోకి చేరి అక్కడే ఉండిపోతుంది. అలా ఉండిపోయిన బ్యాటరీని చాలా ఇళ్లల్లో చూశాను. చూసిన ప్రతిసారీ ఆ ఇంట్లో పడుకునేవాళ్లు గుర్తొచ్చి భయమేసింది.

పొగ వస్తే ఆ వాసనకే మెలకువ వస్తుందని మనలో చాలామంది నమ్మకం. రాదు. నిద్రపోతున్న మనిషిని వాసన లేపలేదని స్లీప్ ల్యాబుల్లో చేసిన ప్రయోగాల్లో తేలింది. పైగా పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మనిషిని ఇంకా మత్తులోకి దించుతుంది. రాత్రిపూట మనల్ని లేపగలిగేది చప్పుడే. మంట రాజుకున్నాక బయటపడటానికి రెండు నిమిషాలు కూడా దొరక్కపోవచ్చని అమెరికన్ రెడ్ క్రాస్ హెచ్చరిస్తుంది. ఇళ్లల్లో మంటలకు చనిపోతున్న ప్రతి ఐదుగురిలో దాదాపు ముగ్గురు అలారం లేని ఇళ్లల్లోనో, ఉన్నా మోగని ఇళ్లల్లోనో ఉన్నవాళ్లేనని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ లెక్కలు చెబుతున్నాయి. ఉండీ మోగకపోవడానికి ముఖ్య కారణం బ్యాటరీ తీసేసి ఉండటమో, అయిపోయి ఉండటమో.

ఇంతకీ తాలింపు మీద దీనికెందుకంత కోపం? 1930లలో స్విట్జర్లాండుకు చెందిన వాల్టర్ యేగర్ అనే భౌతిక శాస్త్రవేత్త విషవాయువును పసిగట్టే పరికరం చేయబోయాడు. అది విషవాయువుకు పలకలేదు గానీ, ఆయన వెలిగించిన సిగరెట్ పొగకు మీటరులో కదలిక వచ్చింది. ఆ దారిలో వచ్చిందే అయొనైజేషన్ అలారం. దాన్ని బ్యాటరీతో నడిపి మామూలు ఇళ్లకు అందేలా చేసినవాడు కొలరాడోకు చెందిన డ్వేన్ పియర్సాల్. ఇందులో అమెరీషియం 241 అనే రేడియోధార్మిక పదార్థం అతి కొద్దిగా ఉంటుంది. దాని కిరణాల వల్ల లోపలి గాలిలో సన్నని కరెంటు పారుతుంటుంది. పొగ చొరబడితే ఆ కరెంటు తగ్గుతుంది, అలారం మోగుతుంది. భగ్గుమనే మంటను ఇది త్వరగా పట్టుకుంటుంది. కాగిన నూనె నుంచి లేచే, కంటికి ఆనని నలుసులకూ అంతే త్వరగా మోగుతుంది. రెండో రకం ఫోటోఎలక్ట్రిక్. లోపల కాంతి ఒక పక్కకు పోతుంటుంది, పొగ అడ్డొస్తే చెదిరి సెన్సర్ మీద పడుతుంది. సోఫాలోనో పరుపులోనో నివురుగప్పి రగిలే నిప్పును ఇది ముందు కనిపెడుతుంది, పోపుకు తక్కువగా మోగుతుంది.

కాబట్టి మన వంటకు మందు బ్యాటరీ పీకడం కాదు. అలారం పొయ్యికి కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలి. వంటింటికి దగ్గరలో ఉన్నది ఫోటోఎలక్ట్రిక్ అయితే మేలు. మూకుడు పెట్టకముందే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయాలి, పొగ కమ్మాక కాదు. అయినా మోగితే హష్ బటన్ నొక్కితే చాలు, కొద్ది నిమిషాలు ఊరుకుని దానంతటదే మళ్లీ కాపలాకొస్తుంది. ఇంట్లో మాంసం కాలుస్తుంటే వచ్చే పొగకు ఊరికే మోగకూడదని అమెరికాలో అలారాల ప్రమాణం యూఎల్ 217ను సవరించారు. ఆ ప్రకారం తయారైనవి ఇప్పుడు దొరుకుతున్నాయి. పాతది మార్చేటప్పుడు ఇది అడిగి కొనుక్కోవాలి.

పూజల సంగతి వేరే చెప్పాలి. గృహప్రవేశం హోమానికి, వ్రతం రోజు సాంబ్రాణి ధూపానికి అలారాలకు ప్లాస్టిక్ కవరో షవర్ క్యాపో తొడుగుతారు. చుట్టాలు వెళ్లిపోయి, ప్రసాదాలు పంచడం పూర్తయినా ఆ తొడుగు నెలల తరబడి అలాగే ఉంటుంది. తొడగకుండా ఉండటమే మంచిది. తప్పదనుకుంటే, హోమం నడిచినంతసేపూ ఒక మనిషి అక్కడే ఉండాలి, లేచేముందు దాన్ని తీసే పని కూడా ఆ మనిషిదే కావాలి.

ఈ దేశంలో గడియారాలు మార్చే రెండు ఆదివారాలున్నాయి, మార్చిలో ఒకటి, నవంబరులో ఒకటి. గడియారంతో పాటు బ్యాటరీ కూడా మార్చమని అగ్నిమాపక అధికారుల సంఘం 1987 నుంచీ చెబుతోంది. మా ఇంట్లోనూ ఆ రోజే నిచ్చెన బయటికొస్తుంది. అలారాన్ని ఎడమకు తిప్పితే బిగింపు నుంచి ఊడి చేతిలోకి వస్తుంది. ఇంటి కరెంటుకు కలిపినదైతే వెనక చిన్న ప్లగ్గుంటుంది, దాని రెండు చెవులు నొక్కి లాగాలి. కరెంటుతో నడిచేదానికీ లోపల బ్యాటరీ ఉంటుందని చాలామందికి తెలియదు, కరెంటు పోయిన రాత్రి అదే దిక్కు. పాత బ్యాటరీ తీశాక టెస్ట్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే మిగిలిన చార్జి దిగిపోతుంది. లేకపోతే కొన్ని అలారాలు కొత్తది వేసినా కీచుమంటూనే ఉంటాయి. ఏ బ్యాటరీ వేయాలో వెనక అచ్చువేసి ఉంటుంది, అదే వేయాలి. వాక్యూమ్ క్లీనర్ మెత్తటి బ్రష్షుతో అంచుల్లోని చీలికల వెంట దుమ్ము లాగేయాలి. నీళ్లు, సబ్బు, రంగు తగలకూడదు. తిరిగి బిగించి బటన్ నొక్కితే చెవులు గింగురుమనాలి. నెలకోసారి ఆ బటన్ నొక్కే పని మా అమ్మాయిది.

తీసిన 9 వోల్టుల బ్యాటరీని ఊరికే సొరుగులో పడేయకూడదు. రెండు కొనలూ పక్కపక్కనే ఉంటాయి కనుక తాళంచెవో చిల్లరో తగిలితే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. కొనల మీద టేపు అతికించాలి.

అలారం వెనక తయారీ తేదీ ఉంటుంది. ఆ తేదీ నుంచి పదేళ్లు దాటితే బ్యాటరీతో పని లేదు, మొత్తం మార్చేయాల్సిందే, లోపలి సెన్సర్ ముసలిదవుతుంది. పదేళ్లూ బ్యాటరీ మార్చనక్కర్లేని, సీలు వేసినవీ దొరుకుతున్నాయి. వాటికీ నెలనెలా బటన్ నొక్కాల్సిందే. తెల్లవారుజామున నిమిషానికోసారి కీచుమందంటే బ్యాటరీ నీరసించిందని అర్థం. ఇల్లు చల్లబడ్డప్పుడు బ్యాటరీ బలం తగ్గుతుంది, అందుకే ఆ వేళ మొదలవుతుంది.

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకు ఈ శబ్దం కొత్త. పోయినసారి మా అమ్మ వచ్చినప్పుడు బటన్ నొక్కి వినిపించాను. “పక్క గదిలో తలుపేసుకుంటే నాకు వినపడదురా” అంది. ఆ మాట నిజం. మామూలు అలారాల స్వరం మూడు వేల హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, వయసు మీదపడ్డ చెవికి ముందు అందకుండా పోయేవి ఇలాంటి సన్నటి శబ్దాలే. 520 హెర్ట్జ్ దగ్గర మందంగా మోగేవీ, దిండు కింద పెట్టుకుంటే ఊగి లేపేవీ ఉన్నాయి. పిల్లల్లోనూ చాలామంది ఆ సన్నటి మోతకు లేవకుండా నిద్రపోతారు, తల్లి గొంతు వినిపించే అలారానికి చాలా ఎక్కువమంది లేచారని ఒహాయోలోని ఒక పిల్లల ఆస్పత్రి పరిశోధకులు గమనించారు. అందుకే ప్రతి పడకగదిలోనూ, గదుల బయటా, ప్రతి అంతస్తులోనూ అలారం ఉండాలి. ఒకటి మోగితే అన్నీ మోగేలా కలిపి ఉండాలి. ఎవరు ఎవర్ని లేపాలో, బయట ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకుని ఉండాలి.

నాకు ఎక్కువ దిగులు నలుగురైదుగురు కలిసి అద్దెకుండే మన విద్యార్థుల గురించి. అక్కడ వంట అందరిదీ, అలారం ఎవరిదీ కాదు. ఆగస్టులో కొత్త బ్యాచ్ దిగగానే అద్దె, కరెంటు బిల్లు, వంట వంతులు రాసుకుంటారు కదా, ఆ కాగితంలోనే ఇంకో వరుస చేర్చండి: నెలనెలా బటన్ నొక్కేదెవరు అని. నొక్కినప్పుడు మోగకపోతే అదే రోజు లీజింగ్ ఆఫీసుకు రాతపూర్వకంగా చెప్పండి. ఎవరి పేరూ రాయని పని ఎవరూ చేయరు, ఈ పనికి ఒక పేరు కావాలి.