తెరమీది ముంజకాయల బండి

నెల్లూరికి ఉత్తరమున, చెన్నై–విజయవాడ రైలుమార్గముపైనున్న కొడవలూరు వరిపొలముల ఊరు. వేసవిలో తాటికాయలు దింపినప్పుడు అక్కడి పిల్లలకు ముంజెలు తినుటతోబాటు వేరొక పనియు ఉండెడిది. ముంజెలు తీసిన కాయలు రెండు ఏరుకొని, వానిని ఒక పుల్లకు రెండు కొనల గ్రుచ్చి, ఆ పుల్లను పంగల కర్రతో నెట్టుకొనుచు వీధులవెంట పరుగెత్తెడివారు. ఆ బండికి ఖర్చు లేదు. దాని ఆయుర్దాయము నాలుగైదు దినములు మాత్రమే. కాయ ఎండి ముడుచుకొనగనే రంధ్రము వదులై చక్రము ఊడిపోవును. అందుచేత దానిని దాచవలెనని ఎవరికిని తోచదు.

ఇట్టి ఆటవస్తువులు ఇప్పుడు కంప్యూటరు చిత్రములుగా మరల కనిపించుచున్నవి. ముంజకాయల బండి, తాటాకు గాలిమర, లక్కపిడతలు, బొంగరము తెరమీద మెరయుచుండగా చూచి, దూరదేశములలోనున్న తెలుగువారు తమ బాల్యమును తలచుకొనుచున్నారు. ఆ ఆనందము నిజమైనది. దానిని తప్పుపట్టవలసిన పని లేదు. కాని ఆ బండిని ఎన్నడును నెట్టని పిల్లలకు ఆ చిత్రమే బండి. వారి యెదుట నిలిచిన రూపము సరియైనదా, కాదా అను ప్రశ్న అందువలన ముఖ్యమగుచున్నది.

కంప్యూటరు చిత్రకళ తొలిదినములలోనే ఇందుకొక పాఠము కలదు. 1975లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమున మార్టిన్ న్యూవెల్ అను శాస్త్రజ్ఞుడు తన ఇంటి టీపాత్రను గ్రాఫుకాగితముపై గీచి, దాని వంపులను గణిత బిందువులుగా మార్చెను. వెలుగునీడల పద్ధతులను పరీక్షించుటకు ఆ పాత్ర ప్రపంచమంతట వాడుకలోనికి వచ్చినది. అసలు పాత్ర నేటికిని కాలిఫోర్నియాలోని కంప్యూటరు చరిత్ర ప్రదర్శనశాలలో భద్రముగా ఉన్నది. అది తెరమీది నమూనాకన్న పొడవైనది. కాని లోకమునకు తెలిసినది ఆ పొట్టి రూపమే. మూలవస్తువు దొరుకుచున్నది గనుక ఆ తేడాను కొలిచి చెప్పగలుగుచున్నారు. ముంజకాయల బండి విషయములో తేడా వచ్చినచో దేనితో పోల్చి చెప్పవలెను?

బొమ్మను తెరమీద చక్కగా నిలిపిన ఉదాహరణములు లేకపోలేదు. 1988లో జాన్ లాసెటర్ దర్శకత్వమున పిక్సార్ సంస్థ నిర్మించిన ‘టిన్ టాయ్’ అను చిన్న చిత్రము అట్టిది. కంప్యూటరుతో నిర్మించిన చిత్రములలో ఆస్కారు బహుమానము పొందిన మొదటిది అదియే. అందులో ఒక రేకుబొమ్మ ఒంటిపై వాయిద్యములను మోయుచుండును. అడుగు వేసినంతనే అవి మోగును. పసివాని చేతికి చిక్కక పారిపోవలెనన్నచో చప్పుడు చేయక తప్పదు. కథలోని హాస్యమంతయు ఆ యంత్రపు అమరికనుండి పుట్టినదే. అదే చిత్రములోని పసివాడు మాత్రము చూచువారికి అంత సహజముగా తోచడు. నిర్మాతలకు రేకుబొమ్మ స్వభావము బాగుగా తెలిసినది. మెత్తని చర్మమును చూపు సాధనములు అప్పటికి చాలలేదు. ఏ వస్తువు దేనితో చేయబడినదో, ఎట్లు పనిచేయునో తెలిసినంతమేరకే చిత్రము సఫలమగునని దీనివలన తెలియుచున్నది.

ఈ కొలతతో మన బొమ్మల చిత్రములను చూడవచ్చును. మొదట లక్కపిడతలను తీసికొందము. అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డుననున్న ఏటికొప్పాక లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. అక్కడ అంకుడు కర్రను తరిమెనకు బిగించి త్రిప్పుచు, రంగు కలిపిన లక్కకడ్డీని దానికి అదిమి పట్టుదురు. రాపిడి వేడికి లక్క కరగి కర్రపై పూతగా పరచుకొనును. పిమ్మట మొగలి ఆకుతో మెరుగు పెట్టుదురు. ఆ పూత పలుచనిది, కొంత పారదర్శకమైనది. వెలుతురులో కొంత పైననే తిరిగిపోగా, కొంత లోనికి చొచ్చి రంగు పూసుకొని బయటికి వచ్చును. తరిమెనపై తిరిగినందున ఏర్పడిన సన్నని చుట్టుగీతలున్నచోట మెరుపు గుండ్రని చుక్కగా నిలువక, గీతలకు అడ్డముగా సాగును.

వియత్నాములో జన్మించిన బుయ్ తువాంగ్ ఫాంగ్ 1975లో ప్రకటించిన మెరుపు సూత్రము చాల తేలికైనది. కాని దానితో గీచిన వస్తువు తరచుగా ప్లాస్టిక్‌వలె కనిపించును. గీతలుగల ఉపరితలముల మెరుపును కొలిచి లెక్కకట్టు పద్ధతిని గ్రెగొరీ వార్డ్ 1992లోనే చూపియున్నాడు. నేడు ఉచితముగా లభించు బ్లెండర్ వంటి సాధనములలోను ఇట్టి సౌకర్యములు కలవు. అయినను తెరమీది లక్కపిడత ప్లాస్టిక్ గిన్నెవలె ఉన్నచో, ఆ లోపము యంత్రముది కాదు. చిత్రకారుడు పిడతను చేతబట్టి, కిటికీ వెలుతురులో త్రిప్పి చూడలేదన్నమాట.

మెరుపుకన్న కదలిక మరింత కఠినమైన పరీక్ష. తాటాకు గాలిమరకు ఆకుముక్క నడుమ ముల్లు గ్రుచ్చి, రెండు సగములను ఎదురెదురు దిక్కులకు మెలిపెట్టుదురు. గాలి ఒక రెక్కను కుడికి నెట్టినచో రెండవదానిని ఎడమకు నెట్టవలెను. అప్పుడే అది తిరుగును. రెండు రెక్కలును ఒకే వైపునకు వాలియున్నచో ఒకదాని ప్రయత్నమును రెండవది రద్దుచేయును. అట్లు గీచిన గాలిమర ఎంత అందముగా ఉన్నను తిరుగజాలదు.

ముంజకాయల బండికిని ఒక లెక్క కలదు. 12 సెంటీమీటర్ల వ్యాసముగల కాయ ఒక చుట్టు తిరిగినచో సుమారు 38 సెంటీమీటర్లు ముందునకు పోవలెను. తెరమీద అంతకన్న ఎక్కువ పోయినచో బండి నేలపై జారుచున్నట్లుండును. కాయలు పుల్లకు బిగువుగా ఉన్నందున రెండు చక్రములును కలిసియే తిరుగును. వాని మధ్య దూరము 30 సెంటీమీటర్లనుకొన్నచో, సందు మలుపులో నిలువుగా తిరుగునప్పుడు బయటి చక్రము లోపలిదానికన్న సుమారు 47 సెంటీమీటర్లు ఎక్కువ నడువవలెను. అది సాధ్యము కాదు గనుక ఏదో ఒక కాయ దుమ్ములో ఈడ్చుకొనిపోవును. మలుపులో పడు ఆ ఈడ్పుగీతయు, చేతికి తగులు ఆ కుదుపును బండి నెట్టినవారికి గుర్తుండును. చలనచిత్రములో బండి మోటారుకారువలె సునాయాసముగా మలుపు తిరిగినచో వారికి ఏదో వెలితి తోచును. ఆ వెలితికి కారణమిదియే.

వాక్యము వ్రాయగానే చిత్రమునిచ్చు కృత్రిమమేధ సాధనములతో ఈ చిక్కు మరింత పెరిగినది. 2022 ఆగస్టులో వెలువడిన స్టేబుల్ డిఫ్యూజన్ వంటివి, చిత్రములలో కలిపిన గందరగోళపు చుక్కలను క్రమముగా తొలగించుట నేర్చుకొని, చుక్కలనుండియే కొత్త చిత్రమును తీయును. ఆ నేర్పునకు ఆధారము ఇంటర్నెట్టునుండి సేకరించిన చిత్రములును, వాని ప్రక్కనున్న మాటలును. అట్టి సేకరణములలో లయాన్-5బి అనుదానిలో సుమారు 585 కోట్ల జంటలు కలవు. సంఖ్య పెద్దదే. కాని పేరు పెట్టి ఫొటో తీయని వస్తువునకు అందులో చోటు ఎట్లు దొరకును? యంత్రము తెలియదని చెప్పి ఊరకుండదు. తెలిసినవానిలో దగ్గరగా తోచినదానిని చూపును. ముంజకాయ స్థానమున కొబ్బరికాయ రావచ్చును, పంగల కర్ర ఇరుసును తాకకయే గాలిలో నిలువవచ్చును. పైన సాయంకాలపు పసిడి వెలుతురు మాత్రము తప్పక పడును. ఆ వెలుతురు చూచి మనసు కరగినవారు ఇరుసును చూడరు.

చిత్రము పాఠ్యపుస్తకపు పటము కాదనియు, జ్ఞాపకమునకు కొంత పసిడిపూత సహజమేననియు చిత్రకారులు చెప్పవచ్చును. అది న్యాయమే. కలలో కనిపించిన బొంగరము ఆకాశములో తిరిగినను ఎవరును ఆక్షేపింపరు. కాని “మన పల్లె పిల్లలు ఆడుకొన్న బండి ఇదియే” అని చెప్పి చూపినప్పుడు ఆ చిత్రము సాక్ష్యమగుచున్నది. సాక్ష్యమునకు సౌందర్యముతోబాటు సత్యమును ఉండవలెను.

రెండును కలియుట అసాధ్యము కాదు. 2014లో సిగ్‌గ్రాఫ్ సదస్సున మోరిట్జ్ బెషర్, ఎమిలీ వైటింగ్ మొదలగువారు ‘స్పిన్ ఇట్’ అను పరిశోధనను ప్రకటించిరి. వంకరటింకర రూపము నొకదానిని కంప్యూటరుకు ఇచ్చినచో, దాని లోపల ఎచ్చట బోలుగా ఉంచవలెనో అది లెక్కించును. అందువలన బరువు ఇరుసు చుట్టును సరిగా సర్దుకొనును. ఆ లెక్క ప్రకారము ముద్రించిన వస్తువు నిజముగా బొంగరమువలె తిరిగినది. ఇచ్చట కంప్యూటరు బొంగరపు రూపముతోబాటు దాని ధర్మమును కూడ పట్టుకొన్నది.

మన బొమ్మలకు ఇంత పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. ముంజకాయల బండిని చేసినవారు కొడవలూరు వంటి ఊళ్లలో ఇంకను ఉన్నారు. ఒక వేసవిలో విద్యార్థులు ఒక కొలబద్దతోను, త్రాసుతోను, ఫోనులోని కెమెరాతోను వారియొద్ద కూర్చుండి బండి చేయించుకొనవచ్చును. కాయ వ్యాసము, బరువు, పుల్ల పొడవు, పంగ వెడల్పు వ్రాసికొనవచ్చును; మలుపులో అది ఎట్లు ఈడ్చునో చిత్రీకరింపవచ్చును. అటుపిమ్మట ఆ కొలతలతో చిత్రకారుడు ఎంత పసిడి వెలుతురు పోసినను నష్టము లేదు. ముంజెల కాలము ఏటేట వచ్చును. చేసి చూపగల పెద్దలు మాత్రము ఏటేట తగ్గుచున్నారు.

ఇట్టి చిత్రములను విమర్శించుటకు ఒక సులభమైన పరీక్ష చాలును. బండిని ఎన్నడును చూడని పదేండ్ల పిల్లవానికి ఆ చిత్రమునిచ్చి, రెండు కాయలును, రెండు కర్రలును చేతిలో పెట్టవలెను. చిత్రమును చూచి అతడు బండి చేసి వీధిలో నెట్టగలిగినచో అది మంచి చిత్రము.