రన్ షీట్‌ను చదవడం

2020 ఫిబ్రవరిలో బార్సిలోనాలో జరగాల్సిన మొబైల్ వరల్డ్ కాంగ్రెస్ రద్దయింది. ఆ వెనకే ఫేస్‌బుక్ వాళ్ళ ఎఫ్8, గూగుల్ ఐ/ఓ ఆగిపోయాయి. మే నెలకొచ్చేసరికి మైక్రోసాఫ్ట్ బిల్డ్, జూన్‌లో ఆపిల్ డెవలపర్ల సభ, ఆ తర్వాత కంప్యూటింగ్ రంగంలోని స్త్రీల కోసం ఏటా జరిగే గ్రేస్ హాపర్ సెలబ్రేషన్... అన్నీ కంప్యూటర్ తెర మీదికి చేరాయి. ఆ ఏడాది గురించి వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం దీన్ని సాంకేతికత సాధించిన విజయంగానే చెప్తాయి. జూమ్ సమావేశాల్లో రోజూ పాల్గొనేవారు 2019 డిసెంబర్‌లో కోటిమంది ఉంటే 2020 ఏప్రిల్‌కి 30 కోట్లయ్యారంటారు. (ఒకే మనిషి ఐదు సమావేశాల్లో కూచుంటే ఐదుగురి కింద లెక్క!)

ఈ సభల్ని ఎవరి ఇళ్ళల్లో వాళ్ళు కూచుని నడిపించిన మనుషుల ఊసు ఆ రాతల్లో దాదాపు లేదు. వాళ్ళని వెతకాలంటే రన్ షీట్ చదవాలి. పద్దుల పుస్తకాల్లో, ఉత్తరాల్లో, వంటల నోటుపుస్తకాల్లో స్త్రీల రాతని వెతకడం మన విమర్శకి కొత్తేమీ కాదు కదా. రన్ షీట్ కూడా అలాంటి రాతే.

ఏ నిమిషానికి ఎవరు మాట్లాడాలి, ఏ స్లైడ్ రావాలి, ఎవరి మైకు ఆపాలి - ఇదీ దాని రూపం. హాల్లో జరిగే సభకి అది క్లుప్తంగా ఉన్నా సరిపోతుంది. సగం పని హాలే చేసిపెడుతుంది. తలుపులుంటాయి, కుర్చీలుంటాయి, టీ ఉంటుంది, వేదిక పక్కనుంచి ఒక కనుసైగ చాలు. ఎవరిల్లు వాళ్ళకి సభాస్థలి అయినప్పుడు ఆ కనుసైగని కూడా రాసుకోవాల్సి వస్తుంది. వక్తని అరగంట ముందే పిలిచి మైకు చూడాలి. కిటికీకి వీపు పెట్టొద్దని చెప్పాలి. నీళ్ళ గ్లాసు దగ్గరుందా అని అడగాలి. కరెంటు పోతే అందుకోవడానికి ఇంకొకర్ని సిద్ధంగా ఉంచాలి. ఎవరూ ప్రశ్న అడక్కపోతే అడగడానికి రెండు ప్రశ్నలు దాచుకోవాలి. చాట్‌లో ఎవడైనా వెకిలిగా రాస్తే పదిమందీ చూడకముందే వాణ్ణి బయటికి పంపాలి. ఆ కంగారంతా వక్త దాకా చేరకుండా నవ్వుతూ మాట్లాడాలి.

పెళ్ళింట్లో ఏ బంతిలో ఎవరికి ఏం అందలేదో చూసుకునే పెద్దకోడలు గుర్తొస్తే అది మన తప్పు కాదు. ఈ పని చేసినవాళ్ళంతా ఆడవాళ్ళేనని నేననడం లేదు, మగవాళ్ళూ చేశారు. కానీ పని స్వభావం ఇంటిపనిదే. బాగా జరిగితే ఎవరికీ కనపడదు. చెడితే మాత్రం ఎవరు చేశారని అడుగుతారు.

2017లో బీబీసీకి ఇంటినుంచి ఇంటర్వ్యూ ఇస్తున్న ప్రొఫెసర్ రాబర్ట్ కెల్లీ వీడియో చాలామంది చూసే ఉంటారు. పిల్లలు గదిలోకొస్తే ఒకామె పరుగున వచ్చి, వంగి, వాళ్ళని బయటికి లాక్కెళ్తుంది. ఆమె ఆయన భార్య. చూసినవాళ్ళలో చాలామంది ఆయా అనుకున్నారు. మూడేళ్ళ తర్వాత లోకమంతా అలవాటు చేసుకున్న సభల స్వరూపం ఆ కాసేపటి దృశ్యంలోనే ఉంది.

ఇల్లు శుభ్రం చేసీ చేసీ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ రాశారు పి. సత్యవతి, 'ఇల్లలకగానే'. వర్చువల్ సభల్లో నడిపించే మనిషి గడి కింద ఉండే మాటలు చూడండి: హోస్ట్, సపోర్ట్, టెక్ హెల్ప్. కథలో ఆమె పేరు మర్చిపోయింది. ఇక్కడ పేరు పెట్టుకోవద్దనడమే మర్యాద! సాయం కావాల్సినవాళ్ళకి గుర్తుపట్టడం తేలికంటారు, నిజమే. ఇంట్లో 'అమ్మా' అని కేకేయడమూ తేలికే.

ఆపిల్ సభ ఇంకో రకం. 2020 జూన్ 22న వచ్చిన ప్రారంభోపన్యాసం ముందే చిత్రీకరించి పెట్టుకున్నది. ఖాళీ ఆపిల్ పార్కులో కెమెరా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి జారిపోతుంటుంది. చాలామంది మెచ్చుకున్నారు. నాకు మాత్రం అంత నున్నదనం ఇబ్బందిగా తోచింది. అలాంటి ఏడాదిలో ఎక్కడా ఒక తడబాటైనా లేకపోవడమేమిటి? కుపర్టినోలో ఉదయం పది అంటే మనకి రాత్రి పదిన్నర. మహమ్మారికి ముందే, 2019 కాలవినియోగ సర్వే ప్రకారం, మన దేశంలో ఇంటిపని చేసే స్త్రీ అందుకు రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతోంది, పురుషుడు 97. హైదరాబాదులో ఒక ఇంజనీరు ఆ పదిన్నర సభని ఏ పని అయ్యాక, ఎంత ఓపిక మిగిలాక చూసిందో అంచనా వేసుకోవచ్చు.

బయటి ఊళ్ళకి పంపని ఇళ్ళలోని అమ్మాయిలు ఆ ఏడాది మొదటిసారి పెద్ద సభలు వినగలిగారు. పసిపిల్లల తల్లులూ అంతే. దాన్ని తక్కువ చేయను. కానీ 'ఇంట్లోంచే కదా, ఆడవాళ్ళకి సౌకర్యం' అనే మాటతోనే నా పేచీ. ఇంట్లో పని అలాగే ఉంచి, దాని పక్కన ఇంకో పని పెట్టడం ఎవరికి సౌకర్యం? హాలు అద్దె మిగిలింది నిర్వాహకులకి. గది, కరెంటు, ఇంటర్నెట్టు, పిల్లల్ని కాసేపు ఊరుకోబెట్టే అత్తగారు - ఇవన్నీ ఇంటి ఖర్చులో కలిసిపోయాయి. వెనక కనపడే వంటింటిని వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్ కప్పేసింది.

ఉపన్యాసాలు చాలావరకు యూట్యూబ్‌లో భద్రంగా ఉన్నాయి. రన్ షీట్‌ని ఎవరు దాస్తారు, సభ అయిపోయాక దానితో పనేముంది? ఆ ఏడాది ఇలాంటివి రాసినవాళ్ళు మన పాఠకుల్లోనూ ఉంటారు. పాత ఫోల్డర్లలో ఇంకా ఉంటే చెరపకండి. చివరి నిమిషంలో కొట్టేసి మళ్ళీ రాసిన గళ్ళతో సహా ఉంచండి.