తొడుగు వదలని తూటా

అనంతపురం మెట్టపొలాల్లో వేరుశనగ కాయ ఊరే రోజులొస్తే రైతుకు రాత్రి నిద్ర ఉండదు. ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ అదనుకు పడితే పంట, లేకపోతే అప్పు. ఆ వానను నమ్ముకుని వేసిన చేనును అడవి పందుల గుంపు ఒక్క రాత్రిలో మూతులతో దున్నేసి పోతుంది. మంచె మీద కాపలా, డబ్బాల మోత, చీరల కంచె అన్నీ కొన్నాళ్ళే పనిచేస్తాయి. ఆ తర్వాత కొందరు చాటుగా కరెంటు తీగ లాగుతారు, ఉచ్చు బిగిస్తారు, తిండిలో నాటు బాంబు పెడతారు. తీగకు పందితోపాటు పక్క పొలం రైతూ బలవుతాడు. ఉచ్చులో చిక్కిన జంతువు గంటల తరబడి కొట్టుకుని చస్తుంది. బాంబు కొరికిన పంది దవడ ఛిద్రమై, తినలేక, తాగలేక రోజుల మీద ప్రాణం వదులుతుంది. 2020లో కేరళలో గర్భంతో ఉన్న ఏనుగు ఇలాగే నోరు పేలి చనిపోతే దేశమంతా కన్నీరు పెట్టింది. పంది కోసం అలా ఎవరూ ఏడవరు, కానీ నొప్పి దానికీ అంతే. చట్టం అనుమతించి, చంపక తప్పని పరిస్థితే వస్తే, ఆ పని గురి తెలిసిన చేతితో, సరైన తూటాతో, క్షణాల్లో ముగియాలి. పాత షికారీల విద్యలో నేటికీ నిలబెట్టుకోదగ్గది ఈ ఒక్క నియమమేనని నా వాదన.

చట్టం ఏమంటుందో ముందు చూద్దాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అయితే 11వ సెక్షన్ చిన్న దారి వదిలింది. రెండో షెడ్యూలులోని జంతువు మనుషుల ప్రాణాలకో, ఆస్తికో, నిలిచి ఉన్న పంటకో ప్రమాదంగా మారితే, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు రాసి, చంపడానికి అనుమతించవచ్చు. 2022 సవరణ తర్వాత అడవి పంది ఈ షెడ్యూలులోనే ఉంది. కృష్ణజింక సంగతి వేరు. అది మొదటి షెడ్యూలు జంతువు, పైగా మన రాష్ట్ర జంతువు. అది పంట మేసిందన్న కారణంతో తుపాకి ఎత్తడానికి ఎవరికీ హక్కు లేదు. ఇకమీద చెప్పేదంతా అనుమతి చేతిలో ఉన్నవాడి గురించే.

తూటా జంతువును ఎలా చంపుతుందన్నది చాలామంది అనుకున్నంత తేలిక విషయం కాదు. మెత్తని సీసం గుండు మీద రాగి మిశ్రమం తొడుగు ఉంటుంది. ముక్కు దగ్గర సీసం బయటికి కనిపిస్తే దాన్ని సాఫ్ట్ నోస్ అంటారు. ఈ రకం తూటాల తొలి చరిత్రలో మన దేశం పేరే ఉంది. 1890ల్లో కలకత్తా దగ్గరి డమ్ డమ్ ఆయుధాగారంలో తయారైన ఇలాంటి తూటాల వల్లే 1899 హేగ్ సమావేశం, ఒంట్లో విచ్చుకునే తూటాలను యుద్ధంలో వాడకూడదని తీర్మానించింది. వేటలో లెక్క తిరగబడుతుంది. విచ్చుకోని తూటా సన్నని రంధ్రం చేసి అవతలికి పోతుంది, జంతువు గాయంతో పారిపోయి ఎక్కడో పొదల్లో చస్తుంది. విచ్చుకునే తూటా గుండెనో ఊపిరితిత్తులనో చీల్చి వెంటనే పడేస్తుంది. అయితే విచ్చుకోవడంలోనే చిక్కూ ఉంది. వేగం ఎక్కువై ఎముక తగిలితే మామూలు తూటాలో తొడుగు ఒకవైపు, సీసం ఒకవైపు విడిపోతాయి. ముక్కలు చర్మం కిందనే ఆగిపోతాయి, గాయం పైపైన భయంకరంగా ఉంటుంది, లోపలి ప్రాణస్థానం మాత్రం చెక్కుచెదరదు. 1946లో జాన్ నాస్లర్ అనే అమెరికన్ వేటగాడికి మూస్ దుప్పి మీద ఎదురైన సమస్య ఇదే. రెండేళ్ళకు ఆయన తూటా మధ్యలో రాగి అడ్డుగోడ పెట్టి పార్టిషన్ తూటాను అమ్మకానికి తెచ్చాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెదరకుండా లోపలికి దూసుకుపోతుంది. తర్వాతి తరం ఇంకో దారి పట్టింది. తొడుగును, సీసాన్ని వేడితో అతికించడమో, సీసం మీదే రసాయన పద్ధతిలో రాగి పూత పెంచడమో చేసింది. బాండెడ్ తూటా అంటే ఇదే. పుట్టగొడుగులా విచ్చుకున్నా తొడుగు సీసాన్ని వదలదు. మామూలు తూటా ఎముక తగిలి సగం బరువు పోగొట్టుకునే చోట, మంచి బాండెడ్ తూటా చాలాసార్లు మూడొంతులకు పైగా బరువు నిలుపుకుంటుంది. ఆ నిలిచిన బరువే దాన్ని లోతుకు తీసుకెళ్తుంది.

ఎదిగిన మగ పంది భుజాన్ని దగ్గరగా చూస్తే ఈ లోతు ఎందుకో అర్థమవుతుంది. బురద ఎండి గట్టిపడిన వెంట్రుకలు, వాటి కింద మందపాటి చర్మం, దాని కింద మెడ నుంచి పక్కటెముకల దాకా గట్టిగా సాగే పీచు కణజాలపు పలక. మగ పందులు కోరలతో కుమ్ములాడుకుంటాయి కాబట్టి ప్రకృతి ఇచ్చిన కవచం అది. గుండె ఛాతీలో బాగా కిందికి, ముందుకాలి వెనకగా ఉంటుంది. పలుచగా విచ్చి చిట్లే తూటా ఆ పలకలోనే అలసిపోతుంది. పైగా మంచె మీంచి కాల్చేవాడికి పంది నలభై, యాభై గజాల్లోనే ఉంటుంది. దగ్గర కాబట్టి తేలిక అనుకుంటాం గానీ, అక్కడ తూటా వేగం ఇంకా తగ్గి ఉండదు. .30-06 లాంటి వేగవంతమైన రైఫిల్ తూటా చిట్లిపోయే ప్రమాదం ఆ దూరంలోనే ఎక్కువ. బాండెడ్ తూటా విలువ తేలేదీ అక్కడే.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. మన దగ్గర లైసెన్సుదారుల చేతుల్లో ఎక్కువగా కనిపించే రైఫిల్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ .315. సైన్యం వాడే .303ను ప్రజలకు ఇవ్వకూడదన్న బ్రిటిష్ కాలపు నియమం వల్ల ఈ బోరు మన దేశంలో పాతుకుపోయింది. దాని 244 గ్రెయిన్ల సాఫ్ట్ నోస్ తూటా బరువైనది, నిదానమైనది. నిదానమైన తూటా అంత సులువుగా చిట్లదు, కాబట్టి దానికి బాండెడ్ అవసరం పెద్దగా లేదు. ఈ మాట నిజం, ఒప్పుకోవాలి. బాండెడ్ అతుకు వేగం తెచ్చిన జబ్బుకు మందు, అన్ని తుపాకులకూ సర్వరోగ నివారిణి కాదు. సన్నని ఒళ్ళున్న చిన్న జింక జాతులకైతే మరీ గట్టి తూటా సరిగా విచ్చుకోకుండానే దాటిపోవచ్చు. సాంబారు లాంటి రెండు వందల కిలోల దుప్పికి, ముదురు మగ పందికి మాత్రం అది ఖర్చుకు తగిన పని చేస్తుంది. పొరపాటల్లా జంతువునూ దూరాన్నీ వేగాన్నీ లెక్కలోకి తీసుకోకుండా ఏదో ఒకటి పేల్చడంలో ఉంది. పక్షులను కొట్టే సన్నగుళ్ళ పన్నెండు బోరు తూటాతో పందిని కాల్చడం అలాంటి పొరపాటే.

గురి సరిగా ఉంటే ఏ తూటా అయినా చాలదా అని అడిగేవారున్నారు. గురే మొదటిది, అందులో వాదన లేదు. పొట్టలో తగిలిన బాండెడ్ తూటా కంటే గుండెలో తగిలిన మామూలు తూటా వెయ్యి రెట్లు మేలు. కానీ చీకట్లో, టార్చి వెలుగులో, కదిలే పంది మీద గురి రెండంగుళాలు తప్పడం సహజం. భుజం ఎముకను తాకిన ఆ క్షణంలో తూటా నిలబడితే జంతువు అక్కడే కూలుతుంది, లేకపోతే గాయంతో చెరుకు తోటలోకి దూరుతుంది. గాయపడిన పంది ఎంత ప్రమాదమో పల్లెల్లో చెప్పనక్కర్లేదు. పాత షికారీలకు ఒక కట్టుబాటు ఉండేది. గాయపరిచిన జంతువును నెత్తురు జాడ పట్టి వెతికి ముగించేదాకా ఇంటికి పోకూడదు. బెంగుళూరులో ఉండి మామండూరు, చామల లోయ అడవుల దాకా తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ రచనల్లోనూ ఈ వెతుకులాటకు పెద్ద చోటే ఉంది.

లోతుకు దూసుకుపోయే తూటాతో ఇంకో భయం ఉంది. పందిని దాటి అవతలికి పోతే? అనంతపురం మెట్ట బయలు నేల, రాతి గుట్టలు, పొలంలోనే పడుకునే మనుషులు. రాయికి తగిలి ఎగిరిన తూటా ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. దీనికి జవాబు మంచెలోనే ఉంది. పై నుంచి కిందికి కాలిస్తే దాటిన తూటా మట్టిలో పూడుతుంది. నేల మీద నిలబడి, అవతల ఏముందో తెలియకుండా కాల్చడాన్ని ఏ అనుమతీ సమర్థించకూడదు. సీసం మీద అభ్యంతరం మరింత బరువైనది. చిట్లిన సీసం రవ్వలు కళేబరాన్ని తినే గద్దలను, రాబందులను విషపూరితం చేస్తాయి. ఇందుకే కాలిఫోర్నియా 2019 నుంచి వేటలో సీసం తూటాలను పూర్తిగా నిషేధించింది. బాండెడ్ తూటా రాల్చే రవ్వలు తక్కువే గానీ సున్నా కాదు. పూర్తి రాగి తూటా ఇంకా మేలు. అది దొరకనంత కాలం చంపిన పందిని లోతుగా పూడ్చిపెట్టడం తప్పనిసరి. చట్ట ప్రకారం ఆ కళేబరం ప్రభుత్వ ఆస్తి, ఎవరి కూరకుండలోకీ పోకూడదు.

వేట సంప్రదాయాన్ని పొగడడమే తప్పనే వాదనకు నేను తలవంచుతాను, సగం వరకు. రాజులు, దొరలు లెక్కలేకుండా కాల్చిన దేశమిది. చీతా అంతరించిందని 1952లో ప్రభుత్వమే ప్రకటించాల్సి వచ్చింది. దానికి వేట ఒక్కటే కారణం కాదు గానీ, పెద్ద కారణమే. ఆ విలాసానికి తిరిగి తలుపు తీయకూడదు. కానీ విలాసంతోపాటు ఆ విద్యనూ పాతిపెట్టి, పొలంలో బాంబును మిగుల్చుకోవడం జంతువు మీద దయ ఎలా అవుతుంది?

అటవీ శాఖకు నా విన్నపం ఇదే. పందిని చంపడానికి అనుమతి కాగితం ఇచ్చేటప్పుడు పేరు, తేదీ రాసి ఊరుకోవద్దు. గురి పరీక్ష నెగ్గినవాడికే ఇవ్వండి. ఏ బోరు, ఏ తూటా, ఎంత దూరం అన్నది కాగితం మీదే రాయండి. మంచె మీంచి తప్ప కాల్చకూడదని, గాయపడ్డ జంతువును వెతికి ముగించాలని షరతు పెట్టండి. కంచెకు సబ్సిడీ, పంట నష్టానికి పరిహారం వేళకు అందించండి. అవి అందిన పొలంలో తుపాకి అవసరమే చాలావరకు తగ్గుతుంది.