మదరాసు అలలు: డేనియల్ చిత్రమును గూర్చి

బాబ్లీలో గోదావరి గట్టున స్థిరపడిన మన కుటుంబములకు నది నిత్యపరిచితము. సముద్రము మాత్రము వినికిడి. అయినను ఇచ్చట మన ముందు సాగిపోవు నీరు తుదకు చేరునది తూర్పు సముద్రమునే. ఆ తీరమును చూపు ఒక ఆంగ్లేయుని చిత్రమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదుము.

చిత్రకారుడు థామస్ డేనియల్ (1749–1840). సోదరుని కుమారుడగు విలియంతో 1786లో కలకత్తా చేరి, 1792లో మదరాసునకు వచ్చెను. స్వదేశమునకు మరలిన పిదప వీరు 1795 మొదలు 1808 వరకు 'ఓరియంటల్ సీనరీ' అను పేర 144 చిత్రములను ప్రకటించిరి. 1797 నాటి మదరాసు కోట దృశ్యము వానిలో నొకటి. ఇది అచ్చమైన నీటిరంగుల చిత్రము కాదు. రాగిరేకుపై ఆమ్లముతో ఛాయలు తినిపించి, అచ్చొత్తి, పిదప చేతితో నీటిరంగులు పూసినది. అందుచేతనే ఆకాశమునందు అంతటి పలుచదనము కుదిరినది.

1953 వరకు ఆంధ్రులకును రాజధానియైన ఆ పట్టణమునకు డేనియల్ నాడు కట్టిన రేవు లేదు. ఓడలు దూరముగా లంగరు వేయవలెను; మనుష్యులు, సరకులు సమస్తము మసులా పడవలలో అలలు దాటి ఒడ్డు చేరవలెను. ఆ పడవలకు ఇనుప మేకు వాడెడివారు కారు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టెడివారు. మేకులు కొట్టిన గట్టి పడవ అల దెబ్బకు పగులును. కుట్టిన పడవ వంగి నిలుచును.

చిత్రమునందు ప్రాణమున్నది అలలలోను, వానితో పెనగు పడవలలోను. కోట వెనుక నిశ్చలముగా నున్నది. ఆ కోటను చిత్రకారుడు శ్రద్ధతోనే గీసెను గాని, మా కన్ను అచ్చట నిలువలేదు. పడవవాండ్రు లేనిచో ఆ కోటకు ఉప్పురాయి యైనను చేరదు గదా!

అయినను పేరు మాత్రము కోటదే. ఇదియే ఈ చిత్రమునందు మాకు తోచిన లోపము. కుంచె చూచిన సత్యమును శీర్షిక విస్మరించినది. మేము గుమాస్తాగా నుండిన కాలమున దస్త్రముల అట్టపై అధికారి పేరు వ్రాసి, లోపల కూలీలను సంఖ్యగా వేసితిమి. ఆ తప్పు మాదియు గలదు. కనుకనే దీనిని ఇంత త్వరగా గుర్తింపగలిగితిమి.

పరప్రాంతమున మన పెద్దలును కొందరు అట్లే శ్రమించి, ఏ శాసనమునను పేరెక్కక వెడలిరి. వారి పేర్లు తెలిసిన వృద్ధులు ఇంకను మన యిండ్లలో నున్నారు. ఈ చిత్రమును చూచినవారు ముందు అలలవైపు చూతురు గాక. పిదప ఇంటికి పోయి, ఆ పేర్లు అడిగి వ్రాసికొందురు గాక.