తెలుగు చెవి – ఇంగ్లీషు పాఠం: ప్రాథమిక తరగతుల శ్రవణకృత్యాలపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్లమాధ్యమం ప్రవేశించిన తర్వాత చిన్నతరగతుల్లో ఇంగ్లీషు వినడం నేర్పే కృత్యాల అవసరం పెరిగింది. ఆ కృత్యాలు పిల్లల ధ్వనిజ్ఞానాన్నీ, కథ వినే అలవాటునూ విస్మరిస్తున్నాయన్నది ఈ వ్యాసంలోని ప్రధాన విమర్శ. గోపన్‌పల్లి పరిసరాల్లో చూసిన తరగతి ఒకటి ఈ ఆలోచనకు మూలం.

కీలకపదాలు: శ్రవణనైపుణ్యం, కృత్యాలు, ఆంగ్లమాధ్యమం, ధ్వనిభేదం, ఊకొట్టడం.

1. ఉపోద్ఘాతం

వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం అన్న వరుసను ఉపాధ్యాయశిక్షణ పొందిన ప్రతివారూ కంఠస్థం చేసినవారే. ఆ వరుసలో మొదటిదే తరగతిగదిలో అన్నింటికన్నా తక్కువ పట్టింపుకు నోచుకుంది. 2022-23 విద్యాసంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 1 నుంచి 8వ తరగతి వరకు ఆంగ్లమాధ్యమం ప్రవేశించింది. గణితం, పరిసరాల విజ్ఞానం వంటి పుస్తకాలు ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉండేలా ముద్రితమయ్యాయి. ఆ నిర్ణయంలోని మంచిచెడ్డల చర్చ ఈ వ్యాసపరిధిలోనిది కాదు. నిన్నటివరకు ఇంగ్లీషును ఒక పీరియడు మాత్రమే విన్న పిల్లలు రోజంతా వినవలసి వచ్చినప్పుడు, ఆ వినడాన్ని వారికి ఎలా నేర్పుతున్నామన్నదే ఇక్కడి ప్రశ్న.

గోపన్‌పల్లి ఈ ప్రశ్నకు తగిన చోటు. శేరిలింగంపల్లి మండలంలోని ఈ ఊరికి ఒకపక్క హైదరాబాదు విశ్వవిద్యాలయం, మరోపక్క ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. ఆనుకొని తండా. చుట్టూ లేస్తున్న అపార్ట్‌మెంట్ల పనికి వచ్చినవారి పిల్లలు, వాటి గేట్ల దగ్గర కాపలా కాసేవారి పిల్లలు ఇక్కడి సర్కారు బడులకు వస్తారు. లిఫ్టు, గేటు, స్లాబు, పార్సిలు వారి ఇంటిమాటలే. అంటే వారికి ఇంగ్లీషు మాట కొత్త కాదు, ఇంగ్లీషు వాక్యం కొత్త.

2. ఆదర్శపఠనం శ్రవణం అవుతుందా?

ఆ పరిసరాల్లోని ఒక ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతి పాఠాన్ని వెనకబల్లపై కూర్చొని విన్నాను. ఉపాధ్యాయిని ఓపికగలవారు. ఒక వాక్యం చదివారు, పిల్లలు గొంతెత్తి తిరిగి పలికారు. పాఠమంతా అలాగే సాగింది. పాఠ్యప్రణాళికలో దీనిని శ్రవణకృత్యంగా రాసుకున్నారు. నిజానికి అది ఆదర్శపఠనం, దాని వెంట అనుకరణం. అర్థం తెలియకపోయినా తిరిగి పలకవచ్చు. ముందువరుస పలికితే వెనకవరుస పెదవులు కదిపినా చాలు. వినడం జరిగిందో లేదో తెలిపే గుర్తు అందులో ఒక్కటీ లేదు.

విన్నదానికి శరీరంతో స్పందించే కృత్యాలదీ ఇదే గతి. అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ ఆషర్ 1960లలో జపనీస్, రష్యన్ భాషలతో ప్రయోగాలు చేసి ఈ పద్ధతిని రూపొందించాడు. నోరు విప్పకముందే శరీరం ఆజ్ఞను అర్థం చేసుకోగలదన్నది ఆయన ప్రతిపాదన. మన తరగతుల్లో అది ‘స్టాండప్, సిట్ డౌన్’ దగ్గర ఆగి, క్రమశిక్షణలో కలిసిపోయింది. ఉపాధ్యాయిని చేయి పైకి లేవగానే పిల్లలు లేస్తారు. చేతులు వెనక కట్టుకొని అదే మాట చెబితే ఎందరు లేస్తారో చూడాలి. చెవికి పెట్టిన పరీక్షకు కన్ను జవాబిస్తున్నప్పుడు కృత్యం విఫలమైందన్న సంగతే బయటపడదు.

ద్విభాషా పుస్తకం ఇంకొక చిక్కు తెచ్చింది. ఇంగ్లీషు వాక్యం చదివి, వెంటనే తెలుగులో చెప్పడం వాడుకైపోయింది. ఉపాధ్యాయుల ఉద్దేశం మంచిదే. కానీ వెనకే తెలుగు వస్తుందని తెలిసిన పిల్లవాడు ఇంగ్లీషును వినవలసిన అవసరం లేదు, దానిని దాటిపోనిచ్చి తెలుగు కోసం కాచుకుంటాడు. వరుస తిరగవేస్తే సంగతి మారుతుంది. ముందు తెలుగులో విషయం చెప్పి, తర్వాత ఇంగ్లీషు వాక్యం చదివితే, అర్థం తెలిసిన మాటలను కొత్త ధ్వనుల్లో వెతుక్కుంటూ వింటాడు. దీనికి అదనపు ఖర్చు లేదు, కొత్త పుస్తకం అక్కరలేదు.

3. తెలుగు చెవి

ఇంగ్లీషు బోధనకు వాడే అభ్యాసపుస్తకాల్లో ‘షిప్–షీప్’ జంట తప్పకుండా ఉంటుంది. స్పానిష్ వంటి భాషలు మాట్లాడేవారికి హ్రస్వదీర్ఘ భేదం లేదు కనుక వారికి ఆ అభ్యాసం కావాలి. పిట్ట, పీట, వడి, వాడి అంటూ మాటలు నేర్చిన తెలుగు పిల్లలకు ఆ జంటను వేరుచేయడానికి నిడివి ఒక్కటే చాలు. దానిపై వారం గడపడం ఎవరి కష్టాన్నో మనం పడడమే. ‘వెస్ట్’ అన్న ఒకే తెలుగు రాతలో ఇంగ్లీషుకు రెండు వేర్వేరు మాటలున్నాయి, ఒకటి బనియను, ఒకటి పడమర. పై పళ్ళు కింది పెదవికి తాకితే ఒకటి, పెదవులు గుండ్రమైతే మరొకటి. తెలుగుకు రెండూ ఒకే వకారం. మన పిల్లలకు అసలు అభ్యాసం కావలసింది ఇక్కడే.

తెలుగులో ఉండి లిపిలో కనిపించని ధ్వనుల సంగతి ఇంకా ఆసక్తికరం. ‘వచ్చాడు, చెప్పాడు’ అన్నప్పుడు వినిపించే ఆకారం ‘తాత’లోని ఆకారం కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో దానిని ప్రత్యేక అచ్చుగానే గుర్తించారు. ఇంగ్లీషు ‘బ్యాట్’లోని అచ్చుకు అది దగ్గర చుట్టం. పిల్లల చెవికి తెలిసిన ఈ ధ్వనిని మనం యవత్తుతో రాసి, లేని యకారాన్ని వినిపిస్తున్నాం. దంత్య జకారమూ అంతే. ౙొన్న, ౙూలు అనే నోటికి ‘జంతుప్రదర్శనశాల’కు ఇంగ్లీషులో వాడే ‘ౙూ’ సులువుగా వస్తుంది. అచ్చతెలుగు మాటల్లో ఇ, ఎ అచ్చుల ముందు మాత్రం తాలవ్యమే వస్తుంది కనుక ‘జీబ్రా’ దగ్గర నాలుక తడబడుతుంది. గోడలమీది అక్షరమాల ఛార్టుల్లో చివరి అక్షరానికి ఎప్పుడూ జీబ్రాయే! తెలిసిన ధ్వనినుంచి తెలియనిదానికి వెళ్ళాలనుకుంటే ముందు రావలసింది ౙూ.

ఈ వాదానికి హద్దు ఉంది. గోపన్‌పల్లి తరగతిలో లంబాడీ, ఉర్దూ, హిందీ, ఒడియా ఇంటిభాషలుగా ఉన్న పిల్లలూ కూర్చుంటారు. వారి చెవుల లెక్క వేరు. కొందరికి తెలుగే రెండోభాష. కాబట్టి తెలుగుకు సరిపడే కృత్యాల పట్టిక ఒకటి తయారుచేసి అందరికీ పంచితే, పాత పొరపాటు కొత్త పేరుతో జరుగుతుంది. ఏ పిల్ల ఏ భాషలో ఊకొడుతూ పెరిగిందో ఉపాధ్యాయులకు ముందు తెలియాలి.

4. ఊకొట్టడం

ఊకొట్టడం అన్నమాట ఊరికే వాడలేదు. వినడాన్ని పైకి తెలిపే పద్ధతి మన కథనసంప్రదాయంలో ఉంది. బుర్రకథలో ప్రధాన కథకుడికి అటూఇటూ వంతలు నిలిచి, అడిగి, ఒప్పుకొని, ఎగతాళి చేసి కథ నడిపిస్తారు. ఇంట్లో కథ చెప్పే అమ్మమ్మ ‘ఊ’ ఆగితే కథ ఆపుతుంది. పిల్ల నిద్రమత్తులో ఊకొడుతోందన్న అనుమానం వస్తే కుందేలుకు కొమ్ములు మొలిపిస్తుంది. పిల్ల లేచి కూర్చుని ‘కుందేలుకు కొమ్ములేంటి’ అంటే, విన్నట్టు. తరగతిలో వాక్యానికొకసారి ‘అండర్‌స్టాండ్?’ అని అడిగి ‘ఎస్ టీచర్’ అనిపించుకోవడం కూడా ఊకొట్టించడంలాగే కనిపిస్తుంది. కానీ అందులో కొమ్ములు లేవు.

ఈ కొమ్ముల కిటుకును ఇంగ్లీషు పాఠంలోకి తీసుకురావడం కష్టమేమీ కాదు. పిల్లలకు తెలుగులో బాగా తెలిసిన కాకి–కుండ కథను చిన్నచిన్న ఇంగ్లీషు వాక్యాల్లో చెబుతూ, రాళ్ళకు బదులు అరటిపళ్ళు వేయించవచ్చు. కథ ముందే తెలుసు కనుక అర్థం కోసం వెతుకులాట తగ్గుతుంది. తప్పు పట్టుకోవాలంటే ప్రతి వాక్యమూ వినక తప్పదు. పరికరాల కొరతను ఇక్కడ సాకుగా చూపలేం. ఎన్.ఎస్. ప్రభు 1979–84 మధ్య దక్షిణభారత పాఠశాలల్లో నడిపిన బెంగళూరు ప్రాజెక్టు ప్రధానంగా ఉపాధ్యాయుల మాటపైనే ఆధారపడింది. రైళ్ళ వేళల పట్టికలు, పటాలు ముందుంచి, వాటి చుట్టూ ఇంగ్లీషులో మాట్లాడుతూ, పిల్లలను మాట్లాడమని తొందరపెట్టకుండా నడిచిన బోధన అది. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్ ఇంటిదగ్గర వినిపిస్తుందనుకోవడం కన్నా ఈ దారి నమ్మదగినది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ పగలంతా నాన్నతో సైటుమీద ఉంటుంది.

5. తెలుగులో వచ్చిన జవాబు

ఆ ఉపాధ్యాయినితో మాట్లాడి, మరుసటి వారం ఈ కథను ఆమెచేతనే చెప్పించాను. అరటిపళ్ళ దగ్గర తరగతి ఒక్కక్షణం నిశ్శబ్దమైంది. మూడో వరుసలో, అంతకుముందు వల్లెవేతలో పెదవులు మాత్రమే కదిపిన పిల్ల లేచి, ‘అరటిపండ్లు కాదు టీచర్, రాళ్ళేసింది’ అన్నది. ఆమె ఇంగ్లీషు విన్నది, అర్థం చేసుకున్నది, తప్పు పట్టింది. జవాబు మాత్రం తెలుగులో ఇచ్చింది. ఉపాధ్యాయిని నవ్వి, అలవాటుగా, ‘ఇంగ్లీషులో చెప్పు’ అన్నారు. పిల్ల కూర్చుంది.

మూల్యాంకనంలో ఈ పిల్లకు ఏమి రాయాలి? ఇంగ్లీషులో జవాబు రాలేదు కనుక మాట్లాడే నైపుణ్యం లేదని రాస్తారు, అది నిజం. వినే నైపుణ్యం ఉందని రాయడానికి మన పట్టికల్లో గడి ఎక్కడుంది? రెండోభాష నేర్చే పిల్లలకు మాట రాకముందు మౌనదశ ఉంటుందని స్టీఫెన్ క్రాషెన్ చెప్పిన సంగతి శిక్షణతరగతుల్లో వినిపిస్తూనే ఉంటుంది. ఆ మౌనంలో పిల్లలు పూర్తిగా మౌనంగా ఉండరనీ, ఇంటిభాషలో జవాబిస్తారనీ మూడో వరుసలోని పిల్ల చూపింది. శ్రవణకృత్యంలో తెలుగు జవాబుకు, లంబాడీ జవాబుకు కూడా పూర్తి మార్కులు ఇవ్వవచ్చునని ఉపాధ్యాయుల కరదీపికలో ఒక్క వాక్యం చేరాలి. ఆ వాక్యం రాయవలసింది ఇంగ్లీషు శాఖలవారే అని మన తెలుగుశాఖలు ఇన్నాళ్ళూ పక్కకు జరిగి నిలబడ్డాయి. జవాబు వచ్చింది తెలుగులో.